ఇంట్లో రోగిని చూసుకునే ఆడవాళ్ల కష్టం, మగవాళ్ల కష్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షవాతంతో మంచాన పడ్డ మామగారు, మతిమరుపు ముదిరిన అమ్మ, డయాలసిస్‌కు తిరుగుతున్న భార్య. ఇలాంటివారిని ఇంట్లోనే చూసుకుంటున్నవారితో మాట్లాడినప్పుడల్లా అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. రోగి ఎలా ఉన్నారని అందరూ అడుగుతారు. చూసుకుంటున్న మనిషి ఎలా ఉన్నారని అడిగేవారు తక్కువ. ఆ మనిషి ఆడా, మగా అన్నదాన్ని బట్టి మీద పడే బరువు, అందే సాయం, కష్టం బయటపడే తీరు అన్నీ మారిపోతాయి. అందుకే ఈ ప్రశ్నలను, అడిగినవారి మాటల్లోనే, దశలవారీగా ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## బాధ్యత మీద పడిన కొత్తలో

“అందరం కలిసే చూసుకుంటున్నాం అంటారు మా ఇంట్లో. నాకే ఎక్కువ పడుతోందనుకోవడం నా భ్రమా?”

భ్రమ కాకపోవచ్చు. 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణ పనులు చేస్తున్నారు. అదే వయసు మగవాళ్లలో చేస్తున్నవారు 21.4 శాతం. చేస్తున్నవారిలో కూడా ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇందులో పిల్లల పెంపకం కూడా కలిసి ఉంది. వంట, ఊడ్పు, బట్టల లెక్క వేరు: అక్కడ ఆడవాళ్లవి 289 నిమిషాలు, మగవాళ్లవి 88.

రాత్రి దగ్గు వినపడితే లేవాలన్న ఎరుకతో సగం నిద్రపోవడం మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కదు. ఒక వారం పాటు ఎవరు ఏ పని ఎన్ని గంటలకు చేశారో ఒక కాగితం మీద రాసి గోడ క్యాలెండరు పక్కన తగిలించండి. రాత్రి ఎన్నిసార్లు లేచారో కూడా రాయండి. నోటితో చెబితే వాదనలోకి దిగే ఇంట్లో కూడా ఆ కాగితం చూసి ఆలోచనలో పడతారు.

“సేవ చేయడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణం కదా? మా వారికి చేతకాదు.”

చేతకాదన్నది చాలావరకు అలవాటు లేకపోవడమే. ఆసుపత్రుల్లో మగ నర్సులు, వార్డు బాయ్‌లు రోజంతా ఈ పనులే చేస్తారు. ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి నానమ్మకు మందు అందించే పని చెబుతారు, మగపిల్లవాడికి చెప్పరు. తేడా అక్కడ మొదలవుతుంది. భార్యకు కాలూ చేయీ పడిపోయాక జడ వేయడం, నైటీ తొడగడం, గోళ్లు తీయడం నేర్చుకున్న భర్తలు ఉన్నారు. డిశ్చార్జి రోజున నర్సు ట్యూబు ద్వారా ఆహారం పట్టడం, పక్క మార్చడం చూపిస్తున్నప్పుడు ఇంట్లో మగవాళ్లు కూడా పక్కన నిలబడి, ఒకసారి స్వయంగా చేసి చూపించాలి. ఆ పది నిమిషాలు బయట బిల్లు కట్టే పనిలో గడిచిపోతే, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పని ఒకరి చేతిలోనే ఉండిపోతుంది.

“మామగారికి స్నానం చేయించడం, డైపరు మార్చడం కూడా నేనే చేయాలా? నాకు ఇబ్బందిగా ఉంది, చెప్పలేకపోతున్నాను.”

మీకు ఇబ్బందిగా ఉండటంలో తప్పేమీ లేదు. ఆయనకూ అంతే ఇబ్బందిగా ఉండి ఉంటుంది. కోడలికి చెప్పలేక తడిసిన డైపరుతోనే పడుకునే పెద్దవాళ్లు ఉంటారు. పుండ్లు మొదలయ్యేది అలాగే. కాబట్టి ఇది మీ సిగ్గుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఆయన ఆరోగ్యానికి సంబంధించినది కూడా. ఉదయం ఆఫీసుకు వెళ్లే ముందు, రాత్రి పడుకునే ముందు శుభ్రం చేసే పని కొడుకుదిగా ఖాయం చేయండి. పగటి వేళకు, వీలైతే ఉదయం రెండు గంటలైనా వచ్చే మగ అటెండెంటును చూడండి. ఆహారం, మందులు, కబుర్లు మీరు చూసుకోవచ్చు. “మీ నాన్నగారికి మీ చేతిమీదుగా జరిగితేనే సుఖంగా ఉంటుంది” అని ఒక్కసారి సూటిగా చెప్పి చూడండి. నిజం కూడా అదే.

“డాక్టర్లు, మందులు, డబ్బు అన్నీ కొడుకుగా నేనే చూస్తున్నాను. అది సేవ కిందికి రాదా?”

తప్పకుండా వస్తుంది. ఆసుపత్రి వరండాల్లో నిలబడి, అప్పులు చేసి, రాత్రిళ్లు లెక్కలు వేసుకునే కొడుకుల ఆందోళనను తక్కువ చేయకూడదు. అయితే పనుల్లో రెండు రకాలున్నాయి. మందులు కొనడం, రిపోర్టులు తేవడం వంటివి మీకు వీలైనప్పుడు చేయగలిగినవి. మూత్రానికి తీసుకెళ్లడం, ముద్ద తినిపించడం, “ఇంటికి పోదాం పద” అని తన ఇంట్లోనే అరుస్తున్న అమ్మను సముదాయించడం వంటివి వాయిదా వేయలేనివి. మనిషిని ఎక్కువగా అరగదీసేవి ఈ రెండో రకం పనులు. చాలా ఇళ్లలో మొదటి రకం మగవారికి, రెండోది ఆడవారికి వెళ్లిపోతున్నాయి. రోజులో కనీసం ఒక వాయిదా లేని పనిని మీ పేరు మీద వేసుకోండి. రాత్రి భోజనం తినిపించడం మంచి మొదలు.

“పెళ్లయిన కూతురిని. అమ్మను నేను చూసుకుంటానంటే అత్తింటివారు ఒప్పుకోవడం లేదు. చట్టం ఏమంటుంది?”

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో “పిల్లలు” అంటే కొడుకు, కూతురు, యుక్తవయసు వచ్చిన మనవడు, మనవరాలు. పెళ్లయిన కూతురు, కాని కూతురు అన్న తేడా అందులో లేదు. ఆ నిర్వచనంలో కోడలి పేరు లేదు. కోడలిని, అల్లుడిని చేర్చాలని 2019లో ఒక సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అంటే చట్టం సొంత పిల్లల మీద పెట్టిన బాధ్యతను మన ఇళ్లు కోడళ్ల మీద పెడుతున్నాయన్నమాట. ఈ విషయం చాలా కుటుంబాలకు తెలియదు, తెలియాలి.

పోషణ అందని తల్లి లేదా తండ్రి ఆర్డీవో స్థాయిలోని ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించవచ్చు. అత్తింటివారితో మాట్లాడేటప్పుడు గొడవగా కాకుండా “మా అన్నయ్యకు ఎంత బాధ్యత ఉందో నాకూ అంతే ఉంది” అని ఈ చట్టం ఆధారంగానే చెప్పండి.

## నెలలు గడుస్తున్నప్పుడు

“ఇద్దరం చేస్తున్నాం. ఆయనకు నిద్ర పడుతోంది, నాకు పట్టడం లేదు. ఆడవాళ్లం మరీ ఎక్కువగా మనసుకు తీసుకుంటామా?”

మనసు మెత్తదనమే కారణమని తేల్చేయకండి. పింక్వార్ట్, సోరెన్సెన్ అనే పరిశోధకులు 229 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. రోగులను చూసుకునే ఆడవాళ్లలో భారం, కుంగుబాటు ఎక్కువగా, శారీరక ఆరోగ్యం కొంత తక్కువగా కనిపించాయి. కానీ ఆ తేడా చాలామంది అనుకునేంత పెద్దది కాదు. ఎవరు ఎన్ని గంటలు చేస్తున్నారు, ఎలాంటి పనులు చేస్తున్నారు, ఎంత సాయం అందుతోంది అన్నవి లెక్కలోకి తీసుకుంటే అది ఇంకా తగ్గింది. మగవాళ్లు తమ బాధను తక్కువ చేసి చెప్పుకునే అలవాటు కూడా ఈ లెక్కల్లో కలిసి ఉంటుంది.

ఇక నిద్ర సంగతి. రోగి గదిలో ఎవరు పడుకుంటున్నారో చూడండి. ఇద్దరిలో ఒకరికి మాత్రమే రాత్రి పిలుపు వినపడే ఏర్పాటు ఉంటే ఆ ఒకరికి నిద్ర ఉండదు. వారంలో మూడు రాత్రులైనా మీవారు ఆ గదిలో, మీరు తలుపు వేసుకుని వేరే గదిలో పడుకోవాలి. ఒకే గది ఉన్న ఇల్లయితే మగ రాత్రి, ఆడ రాత్రి అని వంతులు పెట్టుకుని, వంతు లేనివారు చెవుల్లో దూది పెట్టుకుని అవతలి వైపు పడుకున్నా ఎంతో మేలు.

“అత్తగారిని లేపి కూర్చోబెట్టి, పడుకోబెట్టి నా నడుము పట్టేసింది. ఏం చేయాలి?”

ముందు లేపే పద్ధతి మార్చాలి. చేతులు పట్టి ముందుకు లాగి కూర్చోబెట్టడం, ఆమె చేతులు మీ మెడ చుట్టూ వేయించుకోవడం రెండూ మీ నడుముకూ, ఆమె భుజాలకూ ప్రమాదమే. ఇలా చేయండి: ఆమె అవతలి మోకాలు మడిచి, ఒక చేయి అవతలి భుజం మీద, ఇంకో చేయి తుంటి మీద వేసి మీ వైపుకు పక్కకు దొర్లించండి. రెండు కాళ్లూ మంచం అంచు నుంచి కిందికి దించండి. ఆ కాళ్ల బరువు కిందికి లాగుతుంటే భుజం కింద చేయి పెట్టి పైకి ఆనించండి. మీ మోకాళ్లు వంగాలి, నడుము వంగకూడదు.

మంచంలో పైకి జరపాలంటే పాత దుప్పటిని నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల వరకు వచ్చేలా ఆమె కింద పరవండి. ఇద్దరు చెరోవైపు ఆ దుప్పటి పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని ఒకేసారి జరపాలి. ఒక్కరే ఉన్నప్పుడు జరపవద్దు. ఇంకొకరు వచ్చేదాకా ఆగండి. నులకమంచం లోతుగా ఉంటే మార్చండి. మంచం ఎత్తు మీ తుంటికి దగ్గరగా ఉండాలి.

ఒంట్లో బలం సంగతి కూడా చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి, మగవాళ్లలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంట్లో ఎక్కువ బరువు మోస్తున్నది ఎక్కువగా రక్తం తక్కువ ఉన్న చేతులే. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటును ఈ పరీక్ష ఫలితం చూపించి ఇంట్లో ఆపించండి.

“మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. వంట నుంచి స్నానం వరకు నేనే. స్నేహితులు రావడం మానేశారు. మగవాణ్ణి, ఎవరితో చెప్పుకోను?”

ఈ ప్రశ్న అడిగినవారిలో ఎక్కువమంది రిటైరయినవారు. చాలా ఇళ్లలో చుట్టాలకు ఫోన్లు చేయడం, పెళ్లికి పిలుపులు గుర్తుపెట్టుకోవడం, పక్కింటివారితో మాట కలపడం భార్య చేసే పనులు. ఆమె మంచాన పడగానే ఇంటికీ బయటకూ మధ్య ఉన్న తలుపు మూసుకుపోతుంది. ఆడవాళ్లు కష్టం వస్తే అక్కకో, చెల్లెలికో, ఎదురింటి పిన్నిగారికో చెప్పుకుంటారు. మగవాళ్లు “ఏదో నడుస్తోందండీ” అని ఊరుకుంటారు. ఎదుటివారు “మీరు దేవుడిలాంటివారు” అని మెచ్చుకుని వెళ్లిపోతారు. ఆ మెప్పు తర్వాత “నాకు చేతకావడం లేదు” అని చెప్పడం ఇంకా కష్టమవుతుంది.

మీరు చేయగలిగినవి కొన్ని. పాత స్నేహితుల్లో ఒక్కరికి ఫోన్ చేసి “ఆదివారం సాయంత్రం మా ఇంటికే రా, టీ తాగుదాం” అని రోజు, సమయం చెప్పి పిలవండి. చాలామంది రాకపోవడానికి కారణం ఏం మాట్లాడాలో తెలియకపోవడమే. మీ ఆవిడ ఫోన్‌లో ఉన్న నంబర్లు చూసి ఆమె అక్కచెల్లెళ్లతో మీరే మాట్లాడటం మొదలుపెట్టండి. కూతురో, కోడలో వంట పంపుతానంటే “ఎందుకమ్మా శ్రమ” అనకుండా తీసుకోండి. రాత్రి నిద్ర కోసం మద్యం అలవాటైతే, లేదా మాటకు ముందే కోపం వస్తుంటే, దాన్ని మీ గుణం అనుకోవద్దు. మగవాళ్లలో కుంగుబాటు కన్నీళ్లకంటే ముందు చిరాకుగా, తాగుడుగా బయటపడటం మామూలే.

“ఆయన ఒక్కరోజు చేస్తే ఊరంతా మెచ్చుకుంటుంది. నేను రోజూ చేస్తే అడిగే దిక్కు లేదు. ఇలా అనుకోవడం అసూయా?”

కాదు, న్యాయమైన బాధ. చేసిన పనిని ఎవరో గుర్తించారన్నది మనిషికి బలం. మగవాడు చేస్తే త్యాగం, ఆడది చేస్తే ధర్మం అన్న లెక్కలో ఆ బలం ఒకరికే అందుతోంది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆయనను పొగిడినప్పుడు పక్కనే ఉన్న ఆయన “పగలంతా చూసేది తనే” అని నలుగురిలో ఒక్క మాట అనాలి. అనమని మీరే అడగండి. అడిగి అనిపించుకుంటే విలువ ఉండదని అనుకోకండి; చాలామందికి అది తట్టకపోవడమే అసలు సంగతి.

“భర్తను చూసుకునే భార్యకు కష్టమా, భార్యను చూసుకునే భర్తకు కష్టమా?”

కష్టం ఇద్దరిదీ. దారులు వేరు. భర్త చూసుకుంటుంటే “పాపం మగవాడు” అని కూతుళ్లు, కోడళ్లు, పనిమనిషి తొందరగా అందుకుంటారు. భార్య చూసుకుంటుంటే సాయం ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే ఆమెకు అవసరమని ఎవరికీ తోచదు. మన దగ్గర భార్య వయసులో చిన్నది కాబట్టి ముందు భర్తకు చేసి, తన వంతు వచ్చేసరికి ఒంటరిగా మిగిలేది కూడా ఎక్కువగా ఆమే.

1999లో అమెరికాలో షుల్జ్, బీచ్ ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చెప్పుకోదగ్గది. జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ భారంతో నలిగిపోతున్న వృద్ధుల్లో, అలాంటి బాధ్యత లేనివారితో పోలిస్తే నాలుగేళ్లలో మరణించే అవకాశం 63 శాతం ఎక్కువగా తేలింది. చూసుకుంటున్నా నలిగిపోని వారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. అంటే మనం తగ్గించవలసింది ఆ నలుగుబాటును.

## అలసట ముదిరినప్పుడు

“ఇది మామూలు అలసటా, డిప్రెషనా? ఎలా తెలుస్తుంది?”

అలసట అయితే ఒక రాత్రి బాగా నిద్రపోయి, ఒక పూట బయటికి వెళ్లివస్తే కొంతైనా తేలికవుతుంది. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ మనసు దిగులుగా ఉండి, ఇష్టమైనదేదీ రుచించక, నిద్ర, ఆకలి తప్పి, తాను ఎందుకూ పనికిరాననిపిస్తుంటే డాక్టరును కలవాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 27 మార్కుల్లో 10, అంతకుమించి వస్తే ఆలస్యం చేయవద్దు. చూసుకునేవారి భారం కొలవడానికి జారిట్ పట్టిక వేరుగా ఉంది: 22 ప్రశ్నలు, 88 మార్కులు.

మగవారు ఈ ప్రశ్నలకు “బాగానే ఉన్నాను” అని జవాబిచ్చి తప్పించుకుంటారు. వాళ్ల విషయంలో తాగుడు పెరగడం, బండి వేగంగా నడపడం, ఇంటికి ఆలస్యంగా రావడం, ఒళ్లునొప్పుల పేరుతో మాత్రలు మింగడం గమనించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

“కోపం ఆపుకోలేక అమ్మను గట్టిగా కుదిపాను. నేను ఇంత చెడ్డదాన్నా?”

చెడ్డవారైతే ఈ ప్రశ్న అడగరు. కానీ దీన్ని చిన్న విషయంగా దాటేయకూడదు. ఆమెకు దెబ్బ తగిలిందేమో ముందు చూడండి. మళ్లీ కోపం పైకి వస్తున్నప్పుడు ఆమె పడిపోకుండా ఉందని చూసుకుని గది బయటికి వచ్చేయండి, అయిదు నిమిషాలు వరండాలో నిలబడండి. అరుపులతో ఆమె మారదు, మతిమరుపు జబ్బులో ఆమె చేసేది మొండితనం కాదు. ఇలా జరిగిందని తోబుట్టువుల్లో ఒకరికి చెప్పి, ఆ వారం ఒకరోజు పూర్తిగా వారికి అప్పగించండి. మగవారికీ ఇదే మాట. ఒంటి బలం ఎక్కువ కాబట్టి వాళ్ల చేతిలో చిన్న కుదుపు కూడా ముసలి ఎముకకు పెద్ద దెబ్బే అవుతుంది. వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు చూసుకునేవారు కూడా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

“ఆయాను పెట్టుకుందామంటే, ‘ఇంట్లో కోడలు ఉండగా ఆయా ఎందుకు’ అంటున్నారు.”

“కొడుకు ఉండగా ఆయా ఎందుకు” అని ఎవరూ అనరని మీరూ గమనించే ఉంటారు. పన్నెండు గంటల పని అని కాగితం మీద చూపించి, అందులో ఎన్ని గంటలు ఎవరు పంచుకుంటారని అడగండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ గంటలకు మనిషిని పెట్టుకోవలసిందే. ఖర్చు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ పంచుకోవాలి.

వచ్చే ఆయా కూడా ఒక ఇంటి ఆడమనిషే, ఆమెకూ ఇంట్లో పిల్లలో, అత్తో ఉంటారు. వారానికి ఒక సెలవు, వేళకు భోజనం, పడుకోవడానికి సరైన చోటు, రాత్రంతా లేపుతుంటే పగలు విశ్రాంతి ఇవ్వండి. కోడలి బరువు దించి మరో పేద ఆడమనిషి మీద వేస్తే మనం సాధించింది ఏమీ లేదు. ఇంజెక్షన్లు, ట్యూబులు, పుండ్లకు కట్లు ఆయాతో చేయించవద్దు. వాటికి శిక్షణ ఉన్న నర్సు రావాలి.

“నాలుగు రోజులు ఎక్కడైనా చేర్చి ఊపిరి పీల్చుకుంటే పాపమా?”

కాదు. క్యాన్సర్ వంటి జబ్బులు ముదిరినవారికి తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో నొప్పి, బాధ తగ్గించే ఉపశమన చికిత్స కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా ఈ విభాగం ఉంది. నొప్పి అదుపులోకి వస్తే రోగికీ, చూసుకునేవారికీ ఇద్దరికీ నిద్ర దొరుకుతుంది.

## ఏళ్లు పట్టేలా ఉన్నప్పుడు

“నా జీతం తక్కువ కాబట్టి నన్నే ఉద్యోగం మానేయమంటున్నారు. మానేయాలా?”

నెల జీతం ఒక్కటే చూసి నిర్ణయించకండి. పీఎఫ్, గ్రాట్యుటీ, రావలసిన ఇంక్రిమెంట్లు, అయిదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కునే కష్టం అన్నీ కలపండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం, జీతం లేని సంరక్షణ పనుల కారణంగా ఉద్యోగాలకు దూరంగా ఉన్న పనిచేసే వయసు ఆడవాళ్లు ప్రపంచంలో 60.6 కోట్లు, మగవాళ్లు 4.1 కోట్లు. ఇన్ని కోట్ల ఇళ్లలోనూ “నీ జీతమే కదా తక్కువ” అన్న మాటే వినపడి ఉంటుందని నా నమ్మకం.

ఉద్యోగం మనిషికి జీతంతోపాటు రోజులో కొన్ని గంటల ఊపిరి కూడా ఇస్తుంది. ముందు సెలవు, బదిలీ, సగం పూట పని అడిగి చూడండి. నిజంగా మానేయక తప్పకపోతే, ఆ పెద్దవారి పిల్లలందరూ కలిసి నెలనెలా ఒక మొత్తం మీ పేరున బ్యాంకులో వేయాలని ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి. అడగడానికి మొహమాటపడవద్దు. మీరు వదులుకుంటున్నది మీ ముసలితనపు డబ్బు.

“నాన్నను చూసుకోవడానికి సెలవు అడిగితే ‘మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా’ అన్నారు ఆఫీసులో.”

మగవాళ్లు ముందుకు వచ్చినప్పుడు వెనక్కి నెట్టే మాట ఇది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి ఉండే 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల సగం జీతపు సెలవు, 8 రోజుల క్యాజువల్ సెలవు, 2 ఐచ్ఛిక సెలవులను తల్లిదండ్రుల సంరక్షణకు కూడా వాడుకోవచ్చని కేంద్రం 2025లో పార్లమెంటులో చెప్పింది. పిల్లల సంరక్షణకు ఇచ్చే 730 రోజుల సెలవు మాత్రం మహిళా ఉద్యోగులకు, భార్య లేని ఒంటరి తండ్రులకే పరిమితం. ప్రైవేటు ఉద్యోగులు కారణం రాసి, డాక్టరు కాగితం జతచేసి లిఖితపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే తోసేస్తారు.

“ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా?”

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద పూర్తిగా మంచానికి, వీల్‌చైరుకు పరిమితమైన పక్షవాత రోగులకు 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది రోగి పేరు మీద వస్తుంది, చూసుకునేవారి చేతికి కాదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం లేనిదే చాలా పథకాలకు దారి ఉండదు, కాబట్టి అది ముందు చేయించండి. ఆ డబ్బులో ఎంత భాగం అటెండెంటుకో, చూసుకునేవారి వైద్యానికో వెళ్లాలన్నది కుటుంబం కూర్చుని తేల్చుకోవాలి.

“అమెరికాలో ఉన్నాను. డబ్బు పంపుతున్నాను, అన్నయ్య వదినలే చూస్తున్నారు. ఇంకేం చేయాలి?”

డబ్బు అన్నయ్యకు పంపినా అడిగే ప్రశ్న వదినను అడగండి: “వదినా, మీరు ఎలా ఉన్నారు?” వీడియో కాల్‌లో అమ్మ చీర నలిగిందనీ, చిక్కిపోయిందనీ తనిఖీలు చేయకండి. ఫోన్ మీద అయ్యే పనులన్నీ మీరు తీసుకోండి: డాక్టరు అపాయింట్‌మెంటు, ఇన్సూరెన్సు, డైపర్లు, మందుల ఆర్డర్లు. ఏడాదిలో రెండు వారాలు వచ్చి అమ్మ మంచం పక్కన మీరు ఉండండి, అన్నయ్య వదినలను ఎక్కడికైనా పంపండి. అమెరికాలో కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద అర్హులైన ఉద్యోగులకు తల్లి లేదా తండ్రి తీవ్ర అనారోగ్యానికి ఏడాదికి 12 వారాల వరకు జీతం లేని సెలవు ఉంది. ఆ చట్టంలో అత్తమామలు లేరు. అంటే మీ అమ్మ కోసం ఆ సెలవు మీకే దొరుకుతుంది, మీ భార్యకు దొరకదు.

## ఆ మనిషి పోయాక

“అత్తగారు పోయిన రోజు ఏడుపుకంటే ముందు ‘అమ్మయ్య’ అనిపించింది. ఎవరికీ చెప్పలేను.”

ఏళ్ల తరబడి చేసినవారిలో చాలామందికి అలాగే అనిపిస్తుంది. ఆమె బాధ తీరిందన్న ఊరట, మీ ఒంటికి దొరికిన విరామం, దుఃఖం మూడూ ఒకేసారి ఉండవచ్చు. ఆడవాళ్లకు తరచుగా ఖాళీ అయిన రోజే భరించలేనిదవుతుంది: మందుల వేళకు చేయి దానంతటదే డబ్బా వైపు వెళుతుంది. మగవాళ్లు పెద్దకర్మ కాగానే పనిలో పడిపోతారు, “గట్టివాడు” అనిపించుకుంటారు, ఆరునెలలకో ఏడాదికో కుప్పకూలతారు. అందుకే తండ్రిని, భార్యను పోగొట్టుకున్న మగవారిని తద్దినం దాకా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

“ఇన్నేళ్లూ నా ఒంటి సంగతి చూసుకోలేదు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?”

30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు, నోటి క్యాన్సర్, ఆడవారికి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. మీ ప్రాంతపు ఆశా కార్యకర్తను, లేదా ఏఎన్ఎంను అడగండి. దీంతోపాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి, కళ్లూ పళ్లూ కూడా. ఆడవాళ్లు మెనోపాజ్ వయసంతా సేవలో గడిపి ఉంటే ఎముకల సంగతి డాక్టరును ప్రత్యేకంగా అడగాలి. దగ్గితే, తుమ్మితే మూత్రం పడటం, ఏళ్ల తరబడి బరువులెత్తినవారిలో కనిపించే గర్భసంచి జారడం సిగ్గుతో దాచుకోవలసినవి కావు. రెండింటికీ చికిత్స ఉంది. మగవాళ్లు గుండె, షుగరు పరీక్షలతోపాటు తాగుడు, సిగరెట్లు ఎంత పెరిగాయో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. రోగి కోసం కొన్న ఫైలు ఇంట్లో ఉండే ఉంటుంది. మీ రిపోర్టులకు వేరే ఫైలు ఒకటి కొని, మొదటి పరీక్షకు తారీఖు ఈ వారమే వేసుకోండి.